డైనైట్రోజన్ ట్రైఆక్సైడ్‌లో లెక్క చెప్పాలి, అల్యూమినియం ఆక్సైడ్‌లో ఎందుకు చెప్పనక్కర్లేదు?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. అల్యూమినియం ఆక్సైడ్ (ఏఎల్₂ఓ₃) ఫార్ములాలోనూ, డైనైట్రోజన్ ట్రైఆక్సైడ్ (ఎన్₂ఓ₃) ఫార్ములాలోనూ సంఖ్యలు ఒకటే అయినప్పుడు మొదటిదాని పేరులో ‘డై’, ‘ట్రై’ ఎందుకు లేవన్నది మొదటిది. కార్బన్ డైఆక్సైడ్‌లో కార్బన్‌కు ‘మోనో’ చేర్చనివారు కార్బన్ మోనాక్సైడ్‌లో ఆక్సిజన్‌కు మాత్రం ఎందుకు చేరుస్తారన్నది రెండోది. సీఎల్₂ఓ అన్నప్పుడు క్లోరిన్ ముందు వస్తే, ఓఎఫ్₂ అన్నప్పుడు ఆక్సిజన్ ఎందుకు ముందు వస్తుందన్నది మూడోది. ఇంటర్మీడియట్ విద్యార్థులు వీటిని మూడు వేరువేరు సూత్రాలుగా బట్టీపట్టి, పరీక్ష నాటికి ఒకదానితో ఒకటి కలిపేసుకోవడం నేను చాలాకాలంగా చూస్తున్నాను. నిజానికి గుర్తు పెట్టుకోవలసిన నియమం ఒక్కటే: పేరు విన్న మనిషి ఫార్ములాను ఒకే ఒక్క విధంగా తిరిగి రాయగలగాలి. మొదటి రెండు సందేహాలూ ఈ నియమంతోనే తీరిపోతాయి. మూడోది మాత్రం రసాయన శాస్త్రజ్ఞులు తమలో తాము చేసుకున్న ఒడంబడిక. దానికి ప్రకృతిలో కారణం వెతకడం వల్లనే ఎక్కువ గందరగోళం పుడుతోంది.

ముందుగా అల్యూమినియం ఆక్సైడ్ సంగతి చూద్దాం. సమ్మేళనాలలో అల్యూమినియం సాధారణంగా మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయి మూడు ధనావేశాలు గల అయాన్‌గా ఉంటుంది. ఆక్సైడ్ అయాన్‌కు రెండు రుణావేశాలు ఉంటాయి. మొత్తం పదార్థం మీద ఆవేశం సున్నా కావాలంటే రెండు అల్యూమినియం అయాన్లకు మూడు ఆక్సైడ్ అయాన్లు ఉండక తప్పదు. అంటే ‘అల్యూమినియం ఆక్సైడ్’ అన్న రెండు మాటలు చెప్పగానే ఫార్ములా దానంతట అదే నిర్ణయమైపోతుంది కనుక లెక్క వేరుగా చెప్పనక్కర్లేదు. సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఫ్లోరైడ్, కాల్షియం ఆక్సైడ్ కూడా ఇంతే. ఇనుము, రాగి వంటి లోహాలు రెండు మూడు రకాల ఆవేశాలతో ఉండగలవు కాబట్టి అక్కడ ఒక్క సమాచారం తక్కువవుతుంది. దానిని పూరించడానికే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో లోహం పేరు పక్కన కుండలీకరణాల్లో రోమన్ అంకె వేసే పద్ధతిని ప్రతిపాదించాడు. ఆవేశం తెలిస్తే నిష్పత్తి తెలుస్తుంది, నిష్పత్తి తెలిస్తే ఫార్ములా వస్తుంది.

రెండు అలోహాలు కలిసినప్పుడు ఈ ఆధారం మనకు దొరకదు. అక్కడ ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవడం కాక పంచుకోవడం జరుగుతుంది. ఒకే జంట మూలకాలు అనేక విధాలుగా పంచుకోగలవు. నైట్రోజన్, ఆక్సిజన్ జంట దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ. 14 గ్రాముల నైట్రోజన్‌తో ఎంత ఆక్సిజన్ కలుస్తుందో వరుసగా రాసి చూడండి: ఎన్₂ఓలో 8 గ్రాములు, ఎన్‌ఓలో 16, ఎన్₂ఓ₃లో 24, ఎన్‌ఓ₂లో 32, ఎన్₂ఓ₅లో 40. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అన్న ఈ పూర్ణాంకాల నిష్పత్తి జాన్ డాల్టన్ చెప్పిన బహుళానుపాత నియమానికి చక్కటి దృష్టాంతం. ఈ అయిదింటినీ ‘నైట్రోజన్ ఆక్సైడ్’ అనే ఒక్క పేరుతో పిలిస్తే అడిగినవారికి ఏది కావాలో చెప్పినవారికే తెలియదు.

1787లో గీతాన్ ద మోర్వో, లావోయిజర్, బెర్తొలే, ఫూర్‌క్రువా అనే నలుగురు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు పదార్థంలో ఏముందో దాని పేరే చెప్పాలన్న సూత్రం మీద కొత్త నామకరణ పద్ధతిని ప్రకటించారు. ఆ సంప్రదాయంలో స్థిరపడినవే ‘అస్’, ‘ఇక్’ అనే పరపదాలు; ఆక్సిజన్ తక్కువగా ఉంటే ‘అస్’, ఎక్కువగా ఉంటే ‘ఇక్’. నైట్రస్ ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ అన్న పేర్లు ఆ కాలం నుంచి వచ్చినవే. అయితే రెండే పరపదాలతో అయిదు ఆక్సైడ్లను వేరు చేయడం సాధ్యం కాదు. పైగా ఆ రెండు పేర్లూ వినడానికి దగ్గరగా ఉండి పదార్థాలు మాత్రం పూర్తిగా వేరు. నైట్రస్ ఆక్సైడ్ (ఎన్₂ఓ) ఆక్సిజన్‌తో కలిపి శస్త్రచికిత్సల్లో మత్తు కోసం వాడే వాయువు. 1800 ప్రాంతంలో హంఫ్రీ డేవీ పరిశోధించినది, ‘లాఫింగ్ గ్యాస్’ అని పేరు పడినది అదే. నైట్రిక్ ఆక్సైడ్ (ఎన్‌ఓ) గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి విషపూరితమైన గోధుమరంగు ఎన్‌ఓ₂గా మారుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిన నవజాత శిశువులకు వైద్యులు నైట్రిక్ ఆక్సైడ్‌నే ఇస్తారు కాని, పది లక్షల భాగాల గాలిలో సుమారు 20 భాగాల మేరకే ఇస్తారు. మన శరీరంలో అది సంకేత వాహకంగా పనిచేస్తుందని కనుగొన్నందుకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఇటువంటి రెండు వాయువులను ‘అస్’కూ ‘ఇక్’కూ ఉన్న తేడాతో గుర్తించమనడం నా దృష్టిలో ప్రమాదకరం. డైనైట్రోజన్ మోనాక్సైడ్, నైట్రోజన్ మోనాక్సైడ్ అన్నప్పుడు పేరులోనే లెక్క ఉంది కాబట్టి నైట్రోజన్ పరమాణువులు రెండా ఒకటా అన్న సందేహానికి తావుండదు.

స్టాక్ పద్ధతినే ఇక్కడా వాడుకుంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. దానికి కారణం ఎన్‌ఓ₂, ఎన్₂ఓ₄ జంటను చూస్తే తెలుస్తుంది. ఈ రెండింటిలోనూ నైట్రోజన్ ఆక్సీకరణ స్థితి (స్టాక్ పద్ధతిలో రోమన్ అంకెగా వేసే లెక్క ఆవేశం) నాలుగే; ద్రవ్యరాశి నిష్పత్తి కూడా ఒకటే. ‘నైట్రోజన్ (నాలుగు) ఆక్సైడ్’ అంటే రెండింటిలో ఏదో తేలదు. కాని అవి వేరువేరు అణువులని కళ్లతోనే చూడవచ్చు. మూసి ఉన్న గాజు గొట్టంలో గోధుమరంగు నైట్రోజన్ డైఆక్సైడ్‌ను తీసుకుని మంచునీటిలో ఉంచితే, రెండేసి అణువులు జతకట్టి రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్‌గా మారుతూ ఉండటం వల్ల రంగు క్రమంగా పలచబడుతుంది. తీసి వేడినీటిలో పెడితే గోధుమరంగు మళ్లీ ముదురుతుంది. ఈ ప్రయోగం చూసిన విద్యార్థి ఎన్₂ఓ₄ను ‘సూక్ష్మీకరించి’ ఎన్‌ఓ₂గా రాయడు. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ రెండో దశలో ఆక్సీకారిణిగా (ఇంధనాన్ని మండించే పదార్థంగా) వాడేది ఈ డైనైట్రోజన్ టెట్రాక్సైడే. సాధారణ పీడనం వద్ద అది సుమారు 21 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది కాబట్టి దాని నిల్వలో తీసుకునే జాగ్రత్తలు వేరే స్థాయివి.

ఇప్పుడు పేరు పెట్టే క్రమం. ఫార్ములాలో ఉన్నవి రెండూ అలోహాలేనని నిర్ధారించుకున్నాక మొదటి మూలకం పేరును మార్పు లేకుండా చెప్పాలి. రెండో మూలకం పేరు చివర ‘ఐడ్’ చేర్చాలి. ఆక్సిజన్ ఆక్సైడ్, సల్ఫర్ సల్ఫైడ్, నైట్రోజన్ నైట్రైడ్, ఫాస్ఫరస్ ఫాస్ఫైడ్, కార్బన్ కార్బైడ్ అవుతాయి. తరువాత ఒక్కొక్క మూలకం పరమాణువులు ఎన్ని ఉన్నాయో తెలిపే పూర్వపదాన్ని ముందు తగిలించాలి: మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా, ఆక్టా, నోనా, డెకా. వీటిలో ‘నోనా’ లాటిన్ నుంచి వచ్చింది, తక్కినవి గ్రీకు సంప్రదాయానివి. పీసీఎల్₅ ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్; ఐఎఫ్₇ అయోడిన్ హెప్టాఫ్లోరైడ్; సీ₃ఓ₂ ట్రైకార్బన్ డైఆక్సైడ్. విద్యుత్ సబ్‌స్టేషన్లలో పనిచేసేవారు రోజూ అనే ‘ఎస్‌ఎఫ్6 బ్రేకర్’లోని వాయువు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్.

మీ రెండో సందేహం ఇక్కడికి వస్తుంది. పూర్వపదం ఏదీ లేకపోతే ఒక్క పరమాణువే అని అర్థం చేసుకోవడం ఆనవాయితీ కాబట్టి మొదటి మూలకానికి ‘మోనో’ చేర్చరు. ఆ లెక్కన రెండోదానికీ అక్కర్లేదు. రసాయన నామకరణ నియమాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ కూడా ‘మోనో’ తప్పనిసరి అనదు. అయితే ‘కార్బన్ ఆక్సైడ్’ అని వదిలేస్తే విన్నవారు దానిని కార్బన్ ఆక్సైడ్లన్నిటికీ ఉమ్మడి పేరుగా తీసుకునే అవకాశం ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకునే వాయువును, సోడాబుడ్డిలో పొంగే వాయువును కలిపి చెప్పగలిగే పేరు ఎవరికీ మేలు చేయదు. అందువల్ల అవే మూలకాలతో మరో సమ్మేళనం ఉన్నచోట ‘మోనో’ను నొక్కి చెబుతారు. అయోడిన్ ట్రైక్లోరైడ్ ఉంది కాబట్టి అయోడిన్ మోనోక్లోరైడ్ అంటారు. హైడ్రోజన్‌కూ క్లోరిన్‌కూ మధ్య అటువంటి రెండో సమ్మేళనం లేదు కాబట్టి హైడ్రోజన్ క్లోరైడ్ అంటే చాలు.

ఆంగ్లంలో రాసేటప్పుడు ‘పెంటా’, ‘టెట్రా’ చివరి అచ్చును ‘ఆక్సైడ్’ ముందు వదిలేయాలా వద్దా అన్న చర్చ ఒకటి ఉంది. పాఠ్యపుస్తకాలు చాలావరకు వదిలేస్తాయి. 2005 నాటి ఐయూపీఏసీ సిఫార్సులు ‘మోనాక్సైడ్’ ఒక్కదానికే మినహాయింపు ఇచ్చి తక్కినచోట్ల అచ్చును ఉంచమంటాయి. తెలుగులో ఎలాగూ సవర్ణదీర్ఘంతో ‘పెంటాక్సైడ్’ అనే అవుతుంది కాబట్టి తెలుగు మాధ్యమంవారికి ఈ బాధ లేదు. ‘డై’, ‘ట్రై’ చివరి అచ్చును మాత్రం ఎక్కడా వదలకూడదు.

నేను దిద్దిన జవాబు పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు పేరులో కాక ఫార్ములాలో ఉంటుంది. అయానిక సమ్మేళనాలకు వేలన్సీలను అటూ ఇటూ మార్చి, వచ్చిన సంఖ్యలను సూక్ష్మ నిష్పత్తికి తగ్గించడం నేర్చుకున్న విద్యార్థి, అదే అలవాటుతో డైసల్ఫర్ డైక్లోరైడ్‌ను ఎస్‌సీఎల్ అని రాస్తాడు. ఆ అణువులో రెండు సల్ఫర్ పరమాణువులు ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకుని ఉంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్లోరిన్ ఉంటుంది. అందులో సగం తీసేస్తే మిగిలేది ఆ పదార్థం కాదు. సల్ఫర్ డైక్లోరైడ్ (ఎస్‌సీఎల్₂) అనే మరో సమ్మేళనం పక్కనే ఉంది కాబట్టి ఇక్కడ లెక్క మరీ ముఖ్యం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఎవరూ హెచ్‌ఓ అని రాయరు. అదే వివేకం తక్కిన అణువులకూ కావాలి. అయానిక స్ఫటికంలో విడి అణువు అంటూ ఉండదు కాబట్టి నిష్పత్తి రాస్తాం. అణు సమ్మేళనంలో నిజంగా విడి అణువు ఉంది కాబట్టి దానిలో ఉన్నన్ని పరమాణువులనూ రాస్తాం.

ఈ విషయంలో పెద్దవాళ్లను కూడా తికమక పెట్టే పేరు ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. పేరు ప్రకారం చూస్తే ఒక ఫాస్ఫరస్‌కు అయిదు ఆక్సిజన్లు ఉండాలి. అటువంటి పదార్థం లేదు. ఆ పేరు పీ₂ఓ₅ అనే అనుభావిక ఫార్ములా (పరమాణువుల సూక్ష్మ నిష్పత్తిని మాత్రమే చూపేది) నుంచి వచ్చింది, అదీ సగం లెక్కతో. అసలు అణువు పీ₄ఓ₁₀. నాలుగు ఫాస్ఫరస్ పరమాణువులు చతుర్ముఖి మూలల్లో ఉండి, వాటి మధ్య ఆరు ఆక్సిజన్లు వంతెనలుగా, మూలకొకటి చొప్పున మరో నాలుగు బయటికి ఉంటాయి. కాబట్టి సరైన పేరు టెట్రాఫాస్ఫరస్ డెకాక్సైడ్. ప్రయోగశాలలో తేమను పీల్చడానికి వాడే ఈ తెల్లటి పొడి సీసాను ఒకసారి చేతిలోకి తీసుకుని లేబుల్ చదవండి. అణుభారం 141.94 అని ఉంటే అది పీ₂ఓ₅ లెక్క, 283.89 అని ఉంటే పీ₄ఓ₁₀ లెక్క. మోల్‌ల సమస్య చేసేటప్పుడు ఏ ఫార్ములా తీసుకున్నారో ముందే రాసుకోకపోతే సమాధానం సరిగ్గా రెట్టింపో సగమో వస్తుంది.

ఇదే పీ₂ఓ₅ మన రైతులు కొనే ఎరువుల బస్తాల మీద కూడా ఉంటుంది. డీఏపీ బస్తా మీది 18-46లో 46 అన్నది పీ₂ఓ₅ రూపంలో లెక్కగట్టిన భాస్వరం శాతం. బస్తాలో ఆ ఆక్సైడ్ ఉండదు, అమ్మోనియం ఫాస్ఫేట్ ఉంటుంది. వాణిజ్యంలో పాతకాలం నుంచి వస్తున్న లెక్క మాత్రమే అది. పీ₂ఓ₅లో ఫాస్ఫరస్ సుమారు 43.6 శాతం కాబట్టి 50 కిలోల బస్తాలో అసలు ఫాస్ఫరస్ 10 కిలోల చిల్లర అని తేలుతుంది. ఇంటర్మీడియట్ పిల్లలచేత ఈ లెక్క చేయించడం మంచి అభ్యాసమని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ‘లోహం ఉంటే పూర్వపదాలు వాడరాదు, అలోహాలైతే వాడాలి’ అన్నది తరగతి గదికి పనికొచ్చే విభజనే తప్ప ఐయూపీఏసీ పెట్టిన నిషేధం కాదు. ఆ సంస్థ నిబంధనల ప్రకారం ఏఎల్₂ఓ₃ను డైఅల్యూమినియం ట్రైఆక్సైడ్ అనడం కూడా సమ్మతమే. కేవలం అవసరం లేదు, అంతే. మాంగనీస్ డైఆక్సైడ్, టైటానియం డైఆక్సైడ్ అని అందరం అంటూనే ఉన్నాం. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఇంధన గుళికలను యురేనియం డైఆక్సైడ్ గుళికలనే పిలుస్తారు. టైటానియం టెట్రాక్లోరైడ్‌లో లోహం ఉన్నా అది విడి అణువులతో ఉన్న ద్రవం. సిలికాన్ డైఆక్సైడ్‌లో లోహం లేకపోయినా అందులో విడి అణువులు లేవు, బంధాల అల్లిక మాత్రమే ఉంది. అయినప్పటికీ పరీక్షలో ఏఎల్₂ఓ₃కు అల్యూమినియం ఆక్సైడ్ అనే రాయండి; దిద్దేవారు ఎదురుచూసేది అదే, అందులో సందిగ్ధతా లేదు.

హైడ్రోజన్ ఉన్న అణువులను విడిగా గుర్తుంచుకోవాలి. నీరు, అమ్మోనియా, మీథేన్, ఫాస్ఫీన్, హైడ్రజీన్ పాత పేర్లతోనే స్థిరపడ్డాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ‘డై’ చేర్చినా తప్పు కాదు కాని ఎవరూ చేర్చరు. హైడ్రోజన్ క్లోరైడ్ అన్నది వాయువు పేరు. దానిని నీటిలో కరిగిస్తే వచ్చే ద్రావణం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఒకే ఫార్ములా రాసి రెండు పేర్లనూ ఇష్టం వచ్చినట్టు వాడటం సరికాదు.

చివరిది, ఏ మూలకం ముందు రావాలన్నది. రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి) తక్కువ ఉన్నది ముందు, ఎక్కువ ఉన్నది వెనుక అని పుస్తకాల్లో ఉంటుంది. చాలా సందర్భాల్లో ఇది సరిపోతుంది, కాని అన్నిచోట్లా కాదు. దాన్ని కొలిచే పాలింగ్ మానంలో నైట్రోజన్ విలువ 3.04, అయోడిన్ విలువ 2.66, సూత్రం ప్రకారం అయోడిన్ ముందు రావాలి. అయినా ఆ సమ్మేళనాన్ని నైట్రోజన్ ట్రైఅయొడైడ్ అనే అంటారు. అమ్మోనియా ఫార్ములాలో (ఎన్‌హెచ్₃) 2.20 విలువ ఉన్న హైడ్రోజన్ 3.04 విలువ ఉన్న నైట్రోజన్ తరువాత వస్తుంది. నిజంగా పాటించేది ఆవర్తన పట్టిక మీద గీసుకున్న ఒక బాట: బోరాన్, సిలికాన్, కార్బన్, ఆర్సెనిక్, ఫాస్ఫరస్, నైట్రోజన్, హైడ్రోజన్, సెలీనియం, సల్ఫర్, అయోడిన్, బ్రోమిన్, క్లోరిన్, ఆక్సిజన్, ఫ్లోరిన్. గ్రూపులను ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క గ్రూపును కింది నుంచి పైకి చదువుకుంటూ పోయి, హైడ్రోజన్‌ను నైట్రోజన్ తరువాత, ఆక్సిజన్‌ను క్లోరిన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ఉంచారు. ఈ వరుసలో ముందున్నది పేరులోనూ ముందు వస్తుంది. ఆక్సిజన్ క్లోరిన్ తరువాత ఉంది కాబట్టి సీఎల్₂ఓ డైక్లోరిన్ మోనాక్సైడ్ అయింది. ఫ్లోరిన్ ఆక్సిజన్ తరువాత ఉంది కాబట్టి ఓఎఫ్₂ ఆక్సిజన్ డైఫ్లోరైడ్ అయింది.

ఇది ఒడంబడిక మాత్రమే అనడానికి రుజువుగా, 2005 సిఫార్సుల్లో ఐయూపీఏసీ ఆక్సిజన్‌ను దాని సొంత గ్రూపులోకి తిరిగి పంపి, హాలోజన్లన్నిటినీ (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వంటివి) దాని తరువాత ఉంచింది. ఆ ప్రకారం సీఎల్₂ఓను ఆక్సిజన్ డైక్లోరైడ్ అనాలి; నీటిశుద్ధికి వాడే క్లోరిన్ డైఆక్సైడ్‌ను డైఆక్సిజన్ క్లోరైడ్ అనాలి. పాఠ్యపుస్తకాలు, పరిశ్రమ మాత్రం పాత పేర్లనే వాడుతున్నాయి. కాబట్టి ఇంటర్మీడియట్‌లోనూ ప్రవేశ పరీక్షల్లోనూ డైక్లోరిన్ మోనాక్సైడ్, క్లోరిన్ డైఆక్సైడ్ అనే రాయండి. ఎక్కడైనా కొత్త పేరు కనిపిస్తే తప్పని కొట్టేయకుండా, పూర్వపదాలను చూసి ఫార్ములా రాసుకోండి. రెండు పేర్ల నుంచీ అవే పరమాణువులు, అన్నే వస్తాయి.